వంటింటి కిటికీలోంచి ఒక వైరు

ఇంటిబండి నుంచి,
వానలు మొదలైన వారం

ఫ్యూజమ్మకి బావ ఆశీస్సులు.

నువ్వు గౌను వేసుకుని తిరిగే రోజుల్లో పెట్టిన పేరు ఇది. ఇప్పుడు కొట్టుకి యజమానురాలివి, జుట్టు కూడా కాస్త నెరిసింది, ఇంకా ఇదే పేరుతో పిలుస్తాడేమిటని మూతి ముడుచుకోకు. అప్పట్లో ఎంత చిన్న మాటకైనా భగ్గుమనేదానివి. ఇప్పుడు మారావని మీ ఆయన కూడా అనడు.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఇన్నేళ్ళు బస్సు ఇంజను పక్కన కూర్చున్నాక నా చెవులు ఫోనుకి పనికిరావు. నువ్వు అరుస్తావు, నేను ఒకటి విని ఇంకొకటి చెబుతాను, నీకు కోపం వస్తుంది. కాగితం మీదైతే నువ్వు ఎంత అరిచినా నాకు స్పష్టంగా వినిపిస్తుంది.

విశేషం ఏమిటంటే, ఇంటిబండి బయటికి తీశాను. రొట్టెల కంపెనీ వాళ్ళు మూల పడేసిన వ్యాను కొని, కిటికీలు కోయించి, మంచం, స్టవ్వు, బుల్లి ఫ్రిజ్ పెట్టించి మీ అక్కా నేనూ ఇల్లు చేసుకున్నాం కదా, అదే. "అన్ని ఊళ్ళూ నువ్వు చూశావు. నువ్వు ఇంటికొచ్చి చెప్పిన ఊళ్ళు నేను విన్నాను. ఇక నేను చూస్తా, నువ్వు నోరు మూసుకుని నడుపు" అనేది. తను చూడకుండానే వెళ్ళిపోయింది. బండైనా నాలుగు ఊళ్ళు చూడాలి కదా అని బయల్దేరాను.

ప్రస్తుతం ఒకాయన పెరట్లో ఆపాను. చాలాకాలంగా తెలిసినాయనే. మంచివాడే గాని ఇంట్లో ఉండేది తక్కువ, మాట్లాడేది అంతకన్నా తక్కువ. వంటింటి కిటికీలోంచి వైరు లాక్కుని కరెంటు వాడుకుంటున్నాను. అంతా బాగానే ఉంది. ఒక్కటే అనుమానం. చెయ్యి వేస్తే వైరు వెచ్చగా ఉంటోంది. కాలుతోందని కాదు, ఎండలో పడుకున్న పిల్లి వీపు ఉంటుందే, అలా. టీకని కరెంటు కెటిల్‌లో నీళ్ళు పెడితే లైటు గుడ్డిదవుతుంది, ఫ్రిజ్ మూలుగుతుంది. ఇది మామూలేనా? కరెంటు సామాన్ల కొట్టు నడిపే మరదలుండగా ఇంకొకణ్ణి అడగడం దేనికని నిన్ను అడుగుతున్నాను.

జవాబు మా ఇంటి చిరునామాకే రాయి. పోస్టాయనకి చెప్పిపెట్టాను, నేను ఎక్కడున్నా అందిస్తాడు.

మీ ఆయన్ని అడిగానని చెప్పు.

నీ డ్రైవరు బావ

*

కొట్టు నుంచి,
బేరాల మధ్య

బావా,

ఆశీస్సులు తర్వాత, ముందు ఆ కెటిల్ ఆపు.

వైరు వెచ్చబడటం మామూలు కాదు. పిల్లి వీపు వెచ్చగా ఉంటే నిమురుకో, వైరు వెచ్చగా ఉంటే పీకెయ్యి. సన్నటి వైరు పొడుగ్గా లాగితే దారిలోనే అది సగం కరెంటు తినేస్తుంది. తిన్నదంతా వేడి రూపంలో కక్కుతుంది. అందుకే నీ లైటు గుడ్డిదవుతోంది, ఫ్రిజ్ మూలుగుతోంది. అలా మూలిగి మూలిగి దాని మోటారు కాలిపోతుంది. అది కాలితే అదృష్టం, ఎందుకంటే దానికన్నా ముందు నువ్వు పడుకున్న బండి కాలొచ్చు.

అడిగినవాటికి దాచకుండా జవాబు రాయి. వైరు లావెంత, నీ చిటికెన వేలంత అయినా ఉందా? మూడు పిన్నులున్నాయా, రెండేనా? ఒకటే వైరా, ఒకదానికొకటి తగిలించావా? మిగిలిన వైరు చుట్ట చుట్టి పెట్టావా? చుట్టలో వేడి బయటికి పోదు బావా, మడతలో మడత ఉడికిపోతుంది. ఎంత పొడుగుంటే అంతా విప్పి నేల మీద పరిచెయ్యాలి. దాని మీద చాప కప్పకూడదు. కిటికీ రెక్క కింద నలగకూడదు. వానలో జాయింటు తడవకూడదు. కెటిల్ పెట్టినప్పుడు ఇంకేదీ పెట్టకూడదు. రెండు పూటలా ప్లగ్గు తాకి చూడు. బస్సు దిగి టైర్లు తట్టి చూసేవాడివి కదా, అలా.

ఇది రాస్తుంటే అక్క గుర్తొచ్చింది. నాన్న కొట్లో వైరు కొలిచే పని మా ఇద్దరిదీ. నేను చుట్ట పట్టుకుంటే తను చేతులు బారచాపి కొలిచేది. నాకేమో లాగి బిగించి కొలవాలని సరదా. "అలా లాగకే, ఆ మనిషి ఇంటికెళ్ళేసరికి పొట్టిదైపోతుంది" అనేది. చివర్లో ఎప్పుడూ ఒక జానెడు ఎక్కువ వదిలేది. నాన్న చూసీ చూడనట్టు ఉండేవాడు. నువ్వు మొదటిసారి మా కొట్టుకి వచ్చింది కూడా బస్సు హారన్‌కి వైరు కోసమే. నీకు జానెడు కాదు, రెండు బారలు ఎక్కువ కోసింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఆ ఇంటాయన ఎవరు? ఏ ఊరు? పేరు రాయకుండా తెలిసినాయన, తెలిసినాయన అంటావేం? ఒకసారి వద్దామనే ఉంది. కొట్లో పని తెమలడం లేదు.

మీ తోడల్లుడు కులాసా. అంటే, తింటున్నాడు, పడుకుంటున్నాడు.

నీ మరదలు

*

ఇంటిబండి నుంచి,
తెరిపి ఇచ్చిన రోజు

ఫ్యూజమ్మా,

నీ ఉత్తరం పట్టుకుంటే వైరు కన్నా వేడిగా ఉంది.

దాచకుండా రాస్తున్నాను. వైర్లు రెండు. ఒకటి టేబుల్ లైటుకి వాడే తెల్లటి బద్ద వైరు. రెండోది రీలుకి చుట్టింది, కొంచెం లావు. రెండూ తగిలించి, జాయింటుకి ప్లాస్టిక్ సంచీ కట్టి గడ్డిలో పెట్టాను. నువ్వు తిట్టాక ఇటుక మీదికి ఎక్కించాను. రీలులో సగం అలాగే చుట్టి ఉంది. బండి మెట్టు దగ్గర కాలికి తగులుతోందని దాని మీద గోనెపట్టా కప్పాను. ఇవాళో రేపో విప్పుతాను. పట్టా కూడా తీస్తాను. కోప్పడకు.

రెండు బారలు ఎక్కువ కోసిందన్నావు చూడు, ఆ వైరు బస్సులో చాలాకాలం ఉంది. అవసరం లేకపోయినా సీటు కింద పెట్టుకు తిరిగేవాణ్ణి. కండక్టరు నవ్వేవాడు. పెళ్ళయిన కొత్తలో సాయంత్రం ఆఖరి ట్రిప్పుకి మీ అక్క స్టాండుకి వచ్చేది. నా వెనక సీట్లో కూర్చుని డిపో దాకా వచ్చి, మళ్ళీ నాతో నడిచి ఇంటికి. దారంతా కబుర్లే. బస్సులో మాత్రం ఒక్క ముక్క మాట్లాడేది కాదు. "డ్రైవరుతో మాట్లాడరాదని బోర్డు రాసుంది కదా" అనేది. అద్దంలోంచి చూసి నవ్వేది. అద్దం ఆ వైపుకి తిప్పుకున్నావేమిటని ఒకసారి ఇన్‌స్పెక్టరు అడిగాడు కూడా.

ఇక్కడ రోజులు నెమ్మదిగా సాగుతున్నాయి. పొద్దున లేచి పెరట్లో నాలుగు అడుగులు వేస్తాను. వంటింట్లోకి వెళ్ళి స్విచ్చు వేసి వస్తాను. అదొక తమాషా స్విచ్చు. పక్కనున్నవన్నీ ఒక వైపు నొక్కితే వెలుగుతాయి, అది మాత్రం తలకిందులు. ఆపాననుకుని వేసి వస్తుంటాను. అలవాటున్న నాకే అప్పుడప్పుడు పొరపాటవుతుంది.

కొట్లో పని ఎప్పుడు తెమిలింది గనక? వీలు చూసుకునే రా. తొందరేమీ లేదు.

బావ

*

కొట్టు నుంచి,
తలుపులు మూసి

బావా,

ఆ స్విచ్చు బిగించింది నేను.

అప్పటికి పని నేర్చుకుంటున్నాను. అక్క వంటింట్లో కొత్త ప్లగ్గు పెడతానని నాన్నని బతిమాలి వచ్చాను. అంతా అయ్యాక చూస్తే తలకిందులు. సిగ్గేసి విప్పబోతే అక్క నా చేతిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుంది. "మా చెల్లెలు నా ఇంట్లో చేసిన మొదటి పని ఇది. ఉండనీ" అంది. ఆ తర్వాత నువ్వెన్నిసార్లు మారుద్దామన్నా ఒప్పుకోలేదు.

నువ్వు ఏ ఊరూ వెళ్ళలేదు. నీ పెరట్లోనే ఉన్నావు. ఆ ఇంటాయన నువ్వే.

ఎందుకని ఇప్పుడు అడగను. ఆ బద్ద వైరు మాత్రం ఈ ఉత్తరం చదవగానే పీకెయ్యి. చీకటి పడితే టార్చి లైటు పెట్టుకో. టీ తాగాలనిపిస్తే పక్కింటికి వెళ్ళి తాగు. అక్క పోయింది చాలు నాకు.

*

ఇంటి నుంచి

అమ్మా ఫ్యూజూ,

ముందుగా, నేను బాగున్నాను. చేతి మీద చిన్న బొబ్బ తప్ప ఏమీ లేదు. ఇల్లూ బాగుంది, బండీ బాగుంది. ఇక జరిగింది చెబుతాను.

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. కెటిల్ పెట్టి, బండి మెట్టు మీద కూర్చుని విప్పాను. "ఆ స్విచ్చు బిగించింది నేను" అన్న ముక్క దగ్గరే ఆగిపోయాను. చదివిందే చదువుతూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఏదో కమురు వాసన వచ్చింది. చూస్తే నా కాళ్ళ పక్కనే పట్టా కింద నుంచి పొగ. విప్పుతాను, తీస్తాను అని నీకు రాసిన ఆ పట్టానే.

వంటింట్లోకి పరిగెత్తాను. స్విచ్చు ఆపాను. తలకిందుల స్విచ్చు కదా, ఆపానో వేశానో నాకే తెలియలేదు. ప్లగ్గు పట్టుకుని లాగితే చెయ్యి కాలింది. మెత్తబడి సాకెట్‌కి అతుక్కుపోయింది, రాదు. నీళ్ళు పొయ్యాలని బిందె దాకా చెయ్యి వెళ్ళింది. కరెంటు ఉండగా నీళ్ళు పోస్తావా అని నువ్వు అరిచినట్టయి ఆగాను. ఇక మెయిన్ ఆపాల్సిందే. అది ఎక్కడుందో నీకు తెలుసు. ముందు గదిలో, మీ అక్క కుట్టుమిషను పైన.

ఫ్యూజూ, ఆస్పత్రి నుంచి ఒక్కణ్ణే వచ్చిన మొదటి రాత్రి తర్వాత నేను ఆ గదిలోకి వెళ్ళలేదు. వంటింటి దాకా వెళ్ళి స్విచ్చు వేసి వచ్చేసేవాణ్ణి. నడవలోకి కూడా కాలు పెట్టలేదు. అప్పుడు ఆలోచించే వ్యవధి లేదు. పరిగెత్తి, మిషను ముందున్న స్టూలు ఎక్కి మెయిన్ కిందికి లాగాను. వెనక్కి వచ్చి పట్టాని చీపురుతో బండికి దూరంగా నెట్టి నీళ్ళు కుమ్మరించాను. రీలు ముద్దయిపోయింది. బండి మెట్టు అడుగున కాస్త మసి, అంతే.

కాలిన ప్లగ్గు పొగ ఇల్లంతా చేరింది. కిటికీలు తియ్యక తప్పలేదు. ఒక్కొక్కటే తీసుకుంటూ మళ్ళీ ముందు గదిలోకి వచ్చి, అక్కడే కూలబడ్డాను.

ఎందుకని నువ్వు అడగలేదు, అయినా చెబుతాను. నాకు చెవి సరిగ్గా వినిపించదు కదా. మీ అక్క మిషను చప్పుడు నేను చాలా ఏళ్ళుగా వినలేదు. కానీ తను కుడుతుంటే నేల అదురుతుంది, మంచం కోడు అదురుతుంది. డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే ఆ అదురులోనే నాకు నిద్ర పట్టేది. తను లేని మొదటి రోజు మంచం ఎక్కాను. మంచం కదల్లేదు. రాయి మీద పడుకున్నట్టుంది. లేచి వెళ్ళి బండిలో పడుకున్నాను. అక్కడ ఫ్రిజ్ మంచానికి ఆనుకుని ఉంటుంది. అది ఆడుతుంటే మంచం అదురుతుంది. అందుకే వైరు లాగాను. ఆ ఫ్రిజ్‌లో ఏమీ లేదమ్మా. కనీసం నీళ్ళ సీసా కూడా లేదు.

ఊళ్ళు తిరుగుతున్నానని రాస్తే నువ్వు సంతోషిస్తావనుకున్నాను. నీ చెవిలో పువ్వు పెట్టడం నావల్ల ఎప్పుడైనా అయిందా?

బావ

*

కొట్టు నుంచి

బావా,

నీ ఉత్తరం కౌంటరు మీద పెట్టుకునే చదివాను. వైరు కోసం వచ్చినావిడ నన్ను చూసి, "మళ్ళీ వస్తాలెండమ్మా" అని వెళ్ళిపోయింది.

కొట్లో పని తెమలడం లేదని రాశాను కదా, అది అబద్ధం. బేరాలు అంతంతమాత్రం. మీ తోడల్లుడు ఒక్కడూ చూసుకోగలడు, పడుకుని కూడా చూసుకోగలడు. నేనే రాలేకపోయాను. అక్క పోయాక రెండుసార్లు బస్సెక్కాను. రెండుసార్లూ మీ వీధి మలుపు దగ్గర దిగి, ఎదురు బస్సెక్కి వెనక్కి వచ్చేశాను. గేటు చప్పుడవగానే వరండాలోకి వచ్చి, "ఎండలో వచ్చావా, బుద్ధుందా" అని తిట్టే మనిషి లేని ఇంట్లోకి ఎలా రావాలో నాకు తెలియలేదు. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ జడ వేసింది తనే, కొట్టిందీ తనే, జ్వరమొస్తే పక్కన కూర్చున్నదీ తనే. నువ్వు అక్కడ ఒక్కడివే ఉన్నావని తెలిసి కూడా రాలేదు. ఊళ్ళు తిరుగుతున్నానని నువ్వు రాస్తే, నిజం చెప్పనా, హమ్మయ్య అనుకున్నాను. ఇక అక్కడికి వెళ్ళక్కర్లేదు కదా అని.

ఆదివారం వస్తున్నాం. ఇద్దరం. ఈసారి మలుపు దగ్గర దిగితే నన్ను రెక్క పట్టుకుని లాక్కురమ్మని మీ తోడల్లుడికి చెప్పాను. లావు వైరు తెస్తున్నాను, మూడు పిన్నులది, వానకీ ఎండకీ ఆగేది. చాలా బరువుంది. దాన్ని ఆయన మోస్తాడు, నేను తిడుతూ వెనక నడుస్తాను. మేం వచ్చేదాకా మెయిన్ వెయ్యకు. కాలిన ప్లగ్గు జోలికి పోకు.

గేటు దగ్గర నిలబడు బావా. నువ్వు ముందు నడిస్తే నేను వెనక వస్తాను.

నీ ఫ్యూజు

(ఇదిగో, నేనే రాసుకున్నాను. ఇక నువ్వు ఏడిపించడానికి ఏమీ మిగల్లేదు.)

*

చెరువు గట్టు, ఇంటిబండి నుంచి,
ఈసారి నిజంగానే

ఫ్యూజమ్మకి,

చేరాను. దారిలో ఒక్కచోట కూడా హారన్ కొట్టలేదు. మీ అక్క పక్కన ఉంటే నమ్మేది కాదు.

మీరు వెళ్ళిపోయాక ఇల్లు నిండుగానే అనిపించింది. నువ్వు వంటింట్లో నిలబడి గోడకి తల ఆనించి ఏడుస్తుంటే నాకేం చెయ్యాలో తోచలేదు. మీ ఆయన మాత్రం వెళ్ళి టీ పెట్టుకొచ్చాడు, చూశావా? నిద్రమొహం అని నువ్వు తిట్టే మనిషి ఆ రోజంతా కన్ను మూయలేదు. ఆ మాట నాకన్నా నీకే బాగా తెలిసి ఉంటుంది. పెరటి గోడకి నువ్వు వేరేగా బిగించిన మూత సాకెట్టు చూసి పక్కింటాయన తనకీ ఒకటి కావాలన్నాడు. నీ కొట్టు అడ్రసు ఇచ్చాను.

బయల్దేరేదాకా ఇంట్లో మంచం మీదే పడుకున్నాను. మొదటి రెండు రోజులు నిద్ర పట్టలేదు. మూడో రోజు పట్టింది. ఎందుకు పట్టిందో తెలియదు.

ఇక్కడ బండ్లు ఆపుకునేవాళ్ళకి వరసగా కరెంటు స్తంభాలు పెట్టారు. నువ్వు చెప్పినట్టే బండిలో అన్నీ ఆపి, వైరు మొత్తం విప్పి పరిచి, ముందు బండికి తగిలించి, ఆ తర్వాత స్తంభానికి పెట్టాను. కాసేపాగి ప్లగ్గు పట్టుకుని చూశాను. చల్లగా ఉంది. నువ్వు చూస్తున్నావేమోనని అటూ ఇటూ చూశాను కూడా.

పక్క బండిలో ఒక జంట ఉన్నారు. కొత్తగా పెళ్ళయినట్టుంది, ప్రతి దానికీ నవ్వుతున్నారు. వాళ్ళ వైరు సగం చుట్ట చుట్టి చక్రం పక్కన గడ్డిలో ఉంది. చూసి ఊరుకోలేక వెళ్ళి చెప్పాను. "చుట్ట విప్పెయ్యండి బాబూ. అలా ఉంటే లోపల ఉడికిపోతుంది" అంటే, ఆ అబ్బాయి చెయ్యి వేసి చూసి, "అవునండీ, వెచ్చగానే ఉంది" అని గబగబా విప్పాడు. ఇద్దరం కలిసి గట్టు పొడుగునా పరిచాం. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి టీ పెట్టింది.

కూర్చోబెట్టి అడిగింది. "ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"మా మరదలికి కరెంటు సామాన్ల కొట్టుందమ్మా. తిట్టి నేర్పింది."

"మరి మీ ఆవిడ రాలేదా?"

నన్ను అందరూ అడిగేదే ఇది. కూరల దుకాణంలో అడుగుతారు, డిపోకి వెళితే పాతవాళ్ళు అడుగుతారు, దారిలో పెట్రోలు పోసేవాడు కూడా అడిగాడు. అందరికీ "ఇంట్లో ఉంది" అనే చెబుతూ వచ్చాను. ఆ పిల్లకీ అదే చెప్పబోయాను. మాట నోటి దాకా వచ్చింది.

"పోయిందమ్మా" అన్నాను.

నేను నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. వాళ్ళిద్దరూ నవ్వు ఆపేశారు. ఆ అబ్బాయి రేడియో కట్టేశాడు. అయ్యో, ఎందుకన్నానురా, పిల్లల సరదా పాడు చేశాను అనుకుని లేవబోయాను.

ఆ అమ్మాయి నా గ్లాసులో ఇంకాస్త టీ పోసింది. నాకు వినపడదని గ్రహించినట్టుంది, కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, మొహం నాకెదురుగా పెట్టి, నెమ్మదిగా అడిగింది.

"ఎలా ఉండేవారండీ?"

ఇక చెప్పడం మొదలుపెట్టాను.

బావ